దివాను గారి దఫ్తరము

సూర్యాపేట, కోదాడల నడుమ మునగాల పరగణా ఉన్నది. చుట్టును నిజాము రాజ్యముండగా, ఇది మాత్రము 1959 వరకు కృష్ణా జిల్లాలోనిది. ఆ జమీందారీకి దివానుగా ఉండినవారు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు గారు.

1877లో పెనుగంచిప్రోలున జన్మించి, అక్క భండారు అచ్చమాంబ గారి ఆదరణలో నాగపురమున చదివి, ఎం.ఏ. పట్టము పొందిరి. దివాను పనికి శిస్తు లెక్కలు, సరిహద్దు పత్రములు ప్రాణము. కట్టగట్టి దాచిన కాగితమైనను వేళకు దొరకనిచో లేనట్లే.

ఆంధ్రుల చరిత్ర గతియు నాడు అట్లే యుండెను. సూర్యాపేట చెంత పిల్లలమఱ్ఱిలోను, మిర్యాలగూడ చెంత వాడపల్లిలోను పూర్వరాజుల శాసనములు ఎండకు, వానకు అరుగుచుండెను. పల్లెలలో పాతకవిలెలు చెదలపాలగుచుండెను.

లక్ష్మణరావు గారు శాసనములను సేకరించి పరిష్కరించిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని మిత్రులతో కలిసి స్థాపించిరి. సకల విషయములను అకారాదిక్రమమున అమర్చి, వెదకినవానికి వెంటనే దొరకునట్లు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును తలపెట్టిరి. మూడు సంపుటములు వెలువడినవి. పని ముగియకయే 1923లో, 46 ఏండ్లకే కన్నుమూసిరి.

ఆయన పేర వెలసిన లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో తెలంగాణా శాసనములను అచ్చొత్తించినది. ఊరి గుడిలో ఒంటరిగా పడియున్న రాయి ఆ విధముగా బడిపిల్లవాడు సైతము పుట తిప్పి చదువదగిన చరిత్రయైనది.