గ్రుడ్డుకు వెల నిలిపిన తెలుగువాడు: బండా వాసుదేవరావుగారి జీవితము

కారంపూడి వారికి కోడి క్రొత్త ప్రాణి కాదు. నాగులేటి యొడ్డున పల్నాటి వీరులు ప్రాణములొడ్డిన మహా సంగ్రామమునకు కోడిపందెమే బీజమైనదని వీరగాథలు చెప్పుచున్నవి. పందెమున ఓడిన మాచెర్ల వారు రాజ్యము విడిచి ఏడేండ్లు అడవుల పాలైరి. ఏటేట కార్తీక మాసమున జరుగు వీరారాధనోత్సవములలో నేటికిని ఒక దినము కోడిపోరునకు కేటాయింపబడియున్నది. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామమున సైతము ఓరుగంటి కోడిపందెముల వర్ణన గలదు. ఇట్లు కావ్యములందును కథలందును పుంజు పౌరుషమునకు గుర్తుగా నిలిచినది. పెట్టయు దాని గ్రుడ్డును మాత్రము పెరటి సంగతులుగా మిగిలిపోయినవి.

ఆ పెరటి సంగతిని దేశమంతట గొప్ప పరిశ్రమగా పెంచుటలో ముందు నిలిచినవాడు ఒక తెలుగువాడు. ఆయనయే బండా వాసుదేవరావుగారు. ఆధునిక భారత కుక్కుట పరిశ్రమకు పితామహుడని ఆయనను కోళ్ళ రైతులు నేటికిని గౌరవించుచున్నారు. ఆయన జీవితమున రెండు ఘట్టములు ముఖ్యమైనవి. మేలిజాతి కోడిని రైతు వాకిటికి తెచ్చుట మొదటిది. ఆ కోడి పెట్టిన గ్రుడ్డుకు వెల చెప్పు అధికారమును రైతునకు సంపాదించుట రెండవది. మొదటిదానికి ధనమును శాస్త్రమును కావలసివచ్చెను. రెండవది పదిమందిని ఒక మాటపై నిలుపవలసిన పని గనుక అంతకంటె కఠినమైనది.

వాసుదేవరావుగారు 1935 వ సంవత్సరము నవంబరు 5 వ తేదీన జన్మించిరి. ఆనాటి కోళ్ళ పెంపకమెట్టిదో పెద్దలెరుగుదురు. ఇంటి యిల్లాలు నాలుగు పెట్టలను పెంచును. అవి కళ్ళములో రాలిన గింజలు, పెంటకుప్పలోని పురుగులు ఏరుకొని తిని, రాత్రి గంప క్రింద పడుకొనును. నాటు పెట్ట ఏడాదికి యాబది అరువది గ్రుడ్లు పెట్టుటయే గొప్ప. పెట్టిన కొన్నాళ్ళకు పొదుగుటకు కూర్చుండును; పిల్లలు లేచిన పిమ్మట వానిని సాకుచు మరికొన్నాళ్ళు గ్రుడ్డు మాట మరచును. కొక్కెర తెగులు వచ్చెనా, ఒక్క వారములో ఊరి కోళ్ళన్నియు తుడిచిపెట్టుకొని పోవును. 1950-51 లో దేశమంతట ఉత్పత్తియైన గ్రుడ్లు సుమారు 183 కోట్లు. తలకు ఏడాదికి ఐదు గ్రుడ్లు మాత్రమే వచ్చెడివి.

1960 తరువాత హైదరాబాదు పరిసరములందు తెల్ల లెగ్‌హార్ను కోళ్ళతో క్రొత్త తరహా ఫారములు వెలసినవి. ఈ పెంపకపు కష్టసుఖములను దగ్గరగా చూచిన వాసుదేవరావుగారు ఒక లోపమును గ్రహించిరి. షెడ్డు వేయుటకు రైతు సిద్ధము. దాణా కలుపుటకు మొక్కజొన్న దొరకును. కాని నమ్మదగిన కోడిపిల్ల, కావలసిన నాటికి, కావలసినన్ని దొరకుట దుర్లభము. విత్తనము సరిలేని సేద్యము ఎట్లుండునో ఈ పెంపకము నట్లుండెను. ఆ లోపమును తీర్చుటకై వారు 1971 లో హైదరాబాదున వేంకటేశ్వర హ్యాచరీస్ అను సంస్థను స్థాపించిరి. 1976 లో వెస్టర్న్ హ్యాచరీస్ అను మరియొక సంస్థ పుట్టెను. ఇదియే తరువాత వెంకీస్ అను పేర ప్రసిద్ధి కెక్కినది. క్రమముగా పుణే నగరము ఈ సంస్థలన్నిటికి కేంద్రమయ్యెను.

హ్యాచరీలో జరుగు పని తల్లికోడి పనియే. గ్రుడ్డు పిల్లయగుటకు 21 దినములు పట్టును. పెట్ట తన రొమ్ము వేడితో గ్రుడ్లను కాచి, ముక్కుతో అటునిటు దొర్లించును. పొదుగు యంత్రము సుమారు 37.5 సెంటిగ్రేడు డిగ్రీల వేడిని, తగిన తేమను నిలిపి, గ్రుడ్లను వేళ తప్పక త్రిప్పును. తల్లి రెక్క క్రింద పది పండ్రెండు గ్రుడ్లు పట్టినచో, యంత్రమున వేలకు వేలు పట్టును. పిల్ల పుట్టునపుడు గ్రుడ్డులోని పచ్చసొన శేషము దాని కడుపులోనే యుండును గనుక రెండు దినముల వరకు మేత లేకున్నను అది బ్రతుకగలదు. ప్రకృతి చేసిన ఈ ఏర్పాటు వలననే ఒకనాటి పిల్లలను అట్టపెట్టెలలో నుంచి దూరదేశములకు పంపుట సాధ్యమైనది.

అయినను మూలము విదేశములందే యుండెను. గ్రుడ్ల కొరకు రైతు కొను పిల్ల సంకరజాతిది. దాని మూలతరములు వేరువేరు శుద్ధవంశములకు చెందినవి. రైతు తన కోడి గ్రుడ్డును తానే పొదిగించుకొన్నచో ఆ గుణములు నిలువవు. సంకర పత్తి విత్తనమును ఏటేట క్రొత్తగా కొను మన రైతులకు ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. కావున శుద్ధవంశము లెవరి చేతిలో నుండునో పరిశ్రమ పగ్గము వారి చేతిలో నుండును. అవ్వతరపు పిల్లలను ఎప్పటికప్పుడు విమానములలో తెప్పించుకొను దశను దాటవలెనని వాసుదేవరావుగారు పూనుకొనిరి. అమెరికా సంస్థలతో పొత్తు కుదుర్చుకొని, మూలవంశములను ఈ దేశమునకే తెచ్చి, వెన్‌కో పరిశోధనాక్షేత్రమున మన ఎండలకును మన దాణాకును తట్టుకొను కోళ్ళను ఎన్నిక చేయించిరి. అట్లు వెలువడినదే బి.వి. 300 అను గ్రుడ్ల కోడి. ఇది 72 వారముల వయస్సు నిండులోపల మూడువందలకు పైగా గ్రుడ్లు పెట్టును. మాంసమునకై వెన్‌కాబ్ అను బ్రాయిలర్ కోడి వచ్చెను. నేడు బ్రాయిలర్ పిల్ల ఆరువారములకే రెండు కిలోలు దాటుచున్నది.

వేల కోళ్ళు ఒక్క కప్పు క్రింద నున్నచోట తెగులు నిప్పువలె ప్రాకును. అందుచేత టీకాల తయారీయు, దాణా మిల్లులును, మందులును ఆ సంస్థలలో ఒకదాని వెంట ఒకటి చేరినవి. టీకా తయారీకి ఏ రోగక్రిమియు సోకని ప్రత్యేకపు గ్రుడ్లు కావలెను. వానిని సైతము ఈ దేశమున ఉత్పత్తి చేయు ఏర్పాటు ఈ సంస్థల వారు కావించిరి.

ఇంతవరకు మొదటి ఘట్టము. ఇక రెండవది.

1980 నాటికి ఫారములు పెరిగినవి, కోళ్ళు పెరిగినవి, గ్రుడ్లు కుప్పతెప్పలుగా వచ్చిపడినవి. ధర మాత్రము పెద్దనగరముల మండీ వర్తకుల చేతిలో నుండెను. ఈ బేరమున రైతు ఎంత నిస్సహాయుడో ఒక చిన్న లెక్క వలన తెలియును. పదివేల లేయర్ కోళ్ళున్న ఫారమున దినమునకు సుమారు 11 క్వింటాళ్ళ దాణా కావలెను. గ్రుడ్లు తొమ్మిదివేల వరకు వచ్చును. గ్రుడ్డుకు పదిపైసలు తగ్గినచో దినమునకు 900 రూపాయలు, నెలకు 27,000 రూపాయలు నష్టము. ధర లేదని కోడి గ్రుడ్డు పెట్టుట మానదు. పెట్టిన గ్రుడ్డు నిలువ యుండదు. మేత వేయకున్న కోడి బ్రతుకదు. ఈ మూడును వర్తకునకు తెలియును. కనుక అతడు చెప్పినదే వెల, రైతు తలవంచినదే బేరము. 1981-82 ప్రాంతమున ధర పెంపకపు ఖర్చుకంటె దిగువకు జారి ఎందరో రైతులు అప్పుల పాలైరి. షెడ్లు ఖాళీ చేసినవారును గలరు.

ఆ దశలో వాసుదేవరావుగారు దేశాటనము సాగించిరి. రాష్ట్రము వెంట రాష్ట్రము తిరిగి, రైతులను వర్తకులను కూర్చుండబెట్టి, మూడువందలకు పైగా సమావేశములు జరిపిరి. గ్రుడ్డు ఎవరిదో వెల చెప్పవలసినది వారే యన్నది ఆ సమావేశముల సారము. ఒకరినొకరు నమ్మని వారిని, ఒకరి ధరను ఒకరు కోసుకొను వారిని, భాష వేరు ప్రాంతము వేరైన వారిని ఒక్క పంక్తిని కూర్చుట సామాన్యము కాదు. కులము నెంచక అందరిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుని కథ విన్నవారికి ఈ పని విలువ తెలియును. ఫలితముగా 1982 మే నెలలో జాతీయ గ్రుడ్ల సమన్వయ సంఘము ఏర్పడెను. రైతుల నోట ఇది నెక్ అను పొట్టి పేర చెల్లుచున్నది.

ఈ సంఘపు పని తీరు సులభము. దేశమును మండలములుగా విభజించిరి. ఏ మండలమున ఎంత ఉత్పత్తి, ఎంత నిలువ, ఏ నగరమున ఎంత గిరాకి యను వివరములు సేకరించి, ఆయా మండలముల వారు సంప్రదించుకొని ధరను ప్రకటింతురు. నేడు పత్రికలలో హైదరాబాదు, విజయవాడ, తూర్పు గోదావరి, నామక్కల్ మొదలగు చోట్ల గ్రుడ్ల ధర లని మనము చదువునవి ఈ ప్రకటనలే. ఆ ధరకు చట్టబలము లేదు. సభ్యుల కట్టుబాటే బలము. కట్టుబాటు సడలిననాడు ధర కాగితమున నిలుచును గాని సంతలో నిలువదు. గిరాకి తగ్గు కాలమున గ్రుడ్లను కొని శీతల గిడ్డంగులలో నిలువచేయు ఏర్పాటు నొకటి చేసిరి. తినువారి సంఖ్యను పెంచుటకై దూరదర్శన్ మూలమున ప్రచారము సాగించిరి. వారమున ఏ దినమైనను గ్రుడ్డు తినవచ్చునని పిల్లల నోట పాటవలె నాటిన ఆ హిందీ ప్రకటన మన పల్లెలలో సైతము వినబడెను.

ఈ చరిత్రమున వెలుగే గాని నీడ లేదనుట సత్యము కాదు. పిల్లను, దాణాను, టీకాను అమ్ము సంస్థకు అధిపతియైనవాడే వానిని కొను రైతుల సంఘమునకు నాయకుడగుట యందు ఒక చిక్కు గలదు. రైతు బాగుపడిననే తన పిల్లలు అమ్ముడుపోవునను న్యాయమున ఇరువురి మేలును ఒక్కటియే; కాని పిల్ల వెల నిర్ణయమగు చోట ఇరువురి దారులు వేరు. బ్రాయిలర్ పెంపకమున 1990 తరువాత మరియొక పద్ధతి కోయంబత్తూరు ప్రాంతము నుండి వ్యాపించినది. పిల్ల, దాణా, మందు కంపెనీవి. షెడ్డు, కరెంటు, కాపలా, రెక్కల కష్టము రైతువి. కిలోకు ఇంతయని పెంపకపు కూలి ముట్టును. ధర పడిపోయినను రైతు మునుగడు. ధర పెరిగినను రైతు లేవడు. నష్టభయముతో పాటు వెల చెప్పు హక్కు కూడ అతని చేయి జారినది. తెగుళ్ళ భయమును తొలగిపోలేదు. 2006 లో మహారాష్ట్రమునందలి నవాపూర్‌లో తొలిసారి పక్షిజ్వరము కనబడగా, ఏ తెగులు నంటని ఫారముల కోడియు దేశమంతట అమ్మకము లేక నిలిచిపోయెను.

భారత ప్రభుత్వము 1990 లో వాసుదేవరావుగారిని పద్మశ్రీ బిరుదముతో గౌరవించెను. పుణే చేరువ ఉరుళీకాంచన్ వద్ద కోళ్ళ యాజమాన్యమును నేర్పు విద్యాసంస్థ ఆయన పేర నడచుచున్నది. ఆయన 1996 లో, అరువది యేండ్ల ప్రాయమున కాలధర్మము నొందిరి. ప్రపంచ కోళ్ళ శాస్త్రజ్ఞుల ఇరువదవ మహాసభ ఆ సంవత్సరముననే కొత్త ఢిల్లీ నగరమున జరిగెను; గంప క్రింది నాటుకోడి దేశము ప్రపంచమునకు ఆతిథ్యమిచ్చు స్థితికి వచ్చినదని అది చాటెను. పిమ్మట కుమార్తె అనూరాధా దేశాయిగారును, కుమారులు వెంకటేశరావు, బాలాజీరావుగార్లును సంస్థల భారము వహించిరి. 2010 లో ఆ కుటుంబమువారు ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్ రోవర్స్ అను ప్రాచీనమైన ఫుట్‌బాల్ జట్టును కొనుటతో వెంకీస్ పేరు సీమలందును మారుమ్రోగెను.

2023-24 లెక్కల ప్రకారము దేశమున ఏడాదికి ఉత్పత్తియైన గ్రుడ్లు సుమారు 14,277 కోట్లు. తలకు 103 గ్రుడ్లు వచ్చుచున్నవి. అందు ఆంధ్రప్రదేశ్ వాటా సుమారు 18 శాతము. రాష్ట్రములన్నిటిలో ఇదియే ప్రథమము. మనిషికి ఏడాదికి 180 గ్రుడ్లు అవసరమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారి సిఫారసు. బడిపిల్లల మధ్యాహ్న భోజనపు పళ్ళెమున నేడు గ్రుడ్డు కనబడుచున్నదన్నచో, కలవారి ఇంటి పథ్యముగా నుండిన ఆహారము పేదవాని బిడ్డకు అందినదన్నమాట.

పల్నాటి రైతు నేటికిని మిరపబస్తాలను బండి కెత్తి గుంటూరు యార్డునకు కొనిపోయి, వర్తకుడు చెప్పు వెల కొరకు ఎదురుచూచుచున్నాడు. పత్తిని గూర్చియు అదే కథ. మిరపకాయ గ్రుడ్డువలె త్వరగా చెడునది కాదు; శీతల గిడ్డంగిలో నెలల తరబడి నిలుచును. అనగా బేరమునకు కోళ్ళరైతు కంటె మిరపరైతునకే వీలెక్కువ. లేనిదెల్ల తనవంటి పదివేల మంది వద్ద ఎంత సరకున్నదో తెలిసికొను లెక్కయు, తెలిసిన పిదప ఒక మాటపై నిలుచు కట్టుబాటును. చెడిపోవు సరకుతోనే ఆ రెంటిని సాధింపవచ్చునని వాసుదేవరావుగారు చూపిరి. ఈ గ్రంథాలయమున దినపత్రిక చదువువారు ధరల పట్టికలో గ్రుడ్డు వెల చూచినపుడు, ఆ చిన్న అంకె వెనుక మూడువందల సమావేశముల శ్రమ గలదని తలచుకొందురు గాక.