సగం చేరిన మెసేజ్, స్టీవెన్స్ గారు

థర్డ్ ఇయర్ మినీ ప్రాజెక్టుకి నేను తీసుకున్నది చిన్న పనే అనుకున్నా. సీనియర్లు ల్యాబ్‌లో వదిలివెళ్లిన చాట్ సర్వర్ ఒకటుంది. దాంతో మాట్లాడే క్లయింట్ ప్రోగ్రాం సీ భాషలో రాయాలి. నాది మెకానికల్. అయినా సాకెట్ తెరిచి కనెక్ట్ అయ్యేదాకా ఎలాగోలా లాక్కొచ్చా. ఇంగ్లీషులో హాయ్ కొడితే అవతల హాయ్ పడింది. తర్వాత నరసరావుపేటలో రూమ్ అద్దెల గురించి తెలుగులో పొడుగ్గా కొట్టా. సగం వచ్చింది, మధ్యలో పిచ్చి గుర్తులు, మిగతాది ఇంకో లైన్లో. వెంటవెంటనే రెండు మెసేజ్‌లు పంపితే అతుక్కుని ఒకటిగా వచ్చాయి. రెండు రోజుల్లో రివ్యూ. తప్పంతా సర్వర్‌దేనని సీనియర్‌కి ఫోన్ చేసి గొడవపడ్డా.

ఆ సాయంత్రమే లైబ్రరీలో అట్ట ఊడిన యునిక్స్ నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్ దొరికింది. రాసినాయన డబ్ల్యూ. రిచర్డ్ స్టీవెన్స్. నా రోగం అందులో ముందే రాసిపెట్టి ఉంది. టీసీపీకి మెసేజ్ అంటే ఏంటో తెలీదు, బైట్ల వరస మాత్రమే తెలుసు. మన సాగర్ కుడికాలువలో ఎవరు ఎన్ని బిందెలు పోశారో కాలువకు తెలుస్తుందా? ఇదీ అంతే. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ ఒక్కోటి 3 బైట్లు. నేను 64 బైట్ల చొప్పున చదివి అక్కడికక్కడే ప్రింట్ చేస్తున్నా కాబట్టి అక్షరం మధ్యకి తెగుతోంది. అడిగినన్ని బైట్లు వచ్చేదాకా మళ్లీ మళ్లీ చదివే చిన్న ఫంక్షన్‌కి ఆయన రీడ్‌ఎన్ అని పేరు పెట్టారు. ప్రతి మెసేజ్ ముందు దాని పొడుగు 4 బైట్లలో పంపి, దాన్ని ఈ ఫంక్షన్‌తో చదివా. పిచ్చి గుర్తులు పోయాయి.

ఎవరీయన అని వెతికితే ఆశ్చర్యమేసింది. 1951లో ఆఫ్రికాలోని లువాన్షాలో పుట్టారు. ఇప్పుడది జాంబియాలో ఉంది. రాగి గనుల ఊరు, తండ్రిదీ ఆ రంగమే. (మన అగ్నిగుండాల కొండల్లోనూ రాగి ఉందిలెండి.) తర్వాత అమెరికాలో పెరిగారు. 1973లో మిషిగన్ యూనివర్సిటీలో డిగ్రీ తీసుకున్నారు, అదీ ఏరోస్పేస్‌లో! కంప్యూటర్ సైన్స్ కాదు. మెకానికల్ వాణ్ణి నేను ఈ లైను మూడుసార్లు చదువుకున్నా.

తర్వాత అరిజోనాలోని కిట్ పీక్ అబ్జర్వేటరీలో, టెలిస్కోపుల మధ్య, 1975 నుంచి 1982 దాకా ప్రోగ్రాములు రాశారు. అక్కడుండగానే అరిజోనా యూనివర్సిటీలో ఎంఎస్, పీహెచ్‌డీ పూర్తి చేశారు. ఇంకో ఎనిమిదేళ్లు న్యూ హేవెన్‌లో కంపెనీ ఉద్యోగం. 1990లో ఈ పుస్తకం వచ్చింది. ఆ ఏడే టూసాన్‌కి తిరిగొచ్చేసి, ఇక పుస్తకాలు, కన్సల్టింగ్ మీదే బతికారు.

ఆయన పద్ధతి నాకు బాగా నచ్చింది. ప్రోటోకాల్ ఇలా పనిచేస్తుందట అని చెప్పి వదిలెయ్యరు. 1994లో వచ్చిన టీసీపీ/ఐపీ ఇలస్ట్రేటెడ్‌లో సన్, బీఎస్‌డీఐ, ఎస్వీఆర్4 అని పేర్లు పెట్టిన సొంత మెషీన్ల మధ్య ప్యాకెట్లు పంపి, టీసీపీడంప్‌తో పట్టుకుని, ఆ అవుట్‌పుట్టే అచ్చువేశారు. ఎక్కడ ఏ ప్యాకెట్ పోయిందో మన కళ్లతో మనమే చూడొచ్చు. పేజీల టైప్‌సెట్టింగ్ కూడా ట్రాఫ్‌తో ఆయనే చేసుకునేవారు. నేనూ ల్యాబ్‌లో టీసీపీడంప్ పెట్టి చూశా. సర్వర్ ఒక్క బైటు కూడా పోగొట్టలేదు.

తర్వాత యునిక్స్ నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్‌ని మళ్లీ మొదట్నుంచి రాయడం మొదలెట్టారు, ఈసారి మూడు భాగాలుగా. రెండు వచ్చాయి. మూడోది అప్లికేషన్ల గురించి, అంటే నేను రాసుకుంటున్న క్లయింట్ లాంటి వాటి గురించే. అది రాలేదు. 1999 సెప్టెంబర్ 1న, 48 ఏళ్లకే, భార్యనీ ముగ్గురు పిల్లల్నీ వదిలి వెళ్లిపోయారు. మరుసటేడు యూసెనిక్స్ వాళ్లు జీవితకాల పురస్కారం ప్రకటించారు. మొదటి భాగానికి తర్వాతి ఎడిషన్ వేరేవాళ్లు పూనుకుని తెచ్చారు. మూడో భాగం మాత్రం అలాగే ఉండిపోయింది.

రివ్యూ గట్టెక్కింది. మాచర్ల బస్సెక్కాక సీనియర్‌కి ఫోన్ చేశా, తప్పు నాదేనని చెబుదామని. ఎత్తలేదు. వాట్సాప్‌లో పొడుగ్గా సారీ పెట్టా. నీలం టిక్కులైతే పడ్డాయి, జవాబు ఇంకా రాలేదు.