సాగరగర్భం నుంచి రన్‌వే దాకా: సతీష్ ధావన్ బాట

శ్రీహరికోట నుంచి తూర్పు దిశగా ఎగసిన రాకెట్ కొద్ది నిమిషాల్లోనే తీరంలోని యాంటెన్నాల పరిధిని దాటిపోతుంది. ఆ తరువాత దాని సంకేతాలను అందుకునే ఇస్రో కేంద్రాల్లో ఒకటి అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన ఈ పట్టణానికీ ఆంధ్ర తీరానికీ నడుమనున్న బంగాళాఖాతంలో భారత రాకెట్ల ఖాళీ దశలు ఎన్నో మునిగిపోయాయి. వాడిన రాకెట్‌ను క్షేమంగా దించి మళ్లీ ఎగురవేసే సంస్థలదే ప్రపంచ ప్రయోగ విపణిలో పైచేయి అవుతున్న తరుణంలో, ఈ సముద్రంలో తొలి పెద్ద నష్టాన్ని తన నెత్తిన వేసుకున్న ప్రొఫెసర్ సతీష్ ధావన్ జీవితం గుర్తుకు రాక మానదు.

1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 తొలి ప్రయోగం జరిగింది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఆమ్లం కారిపోవడంతో రాకెట్ అదుపు తప్పి, సుమారు 317 సెకన్లకు శ్రీహరికోటకు 560 కిలోమీటర్ల దూరాన సముద్రంలో కూలింది. ప్రాజెక్టు సారథి ఎ.పి.జె. అబ్దుల్ కలాం. కానీ విలేకరుల ఎదుట నిలిచి బాధ్యత వహించింది ఇస్రో అధిపతి ధావన్. 1980 జులై 18న అదే రాకెట్ 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపినప్పుడు మాత్రం విలేకరులతో మాట్లాడే అవకాశాన్ని ఆయన కలాంకే వదిలారు.

ధావన్ 1920 సెప్టెంబరు 25న శ్రీనగర్‌లో జన్మించారు. లాహోర్‌లో గణిత, భౌతిక శాస్త్రాలతోపాటు ఆంగ్ల సాహిత్యం, ఆపైన మెకానికల్ ఇంజినీరింగ్ చదివారు. ఇటువంటి చదువుల కలయిక ఆనాడూ అరుదే. అమెరికాలోని కాలిఫోర్నియా సాంకేతిక సంస్థలో 1951లో డాక్టరేట్ పొందారు. వేగంగా కదిలే వస్తువు ఉపరితలాన్ని అంటిపెట్టుకుని ఉండే పలుచని గాలిపొర, దానివల్ల కలిగే ఘర్షణ ఆయన పరిశోధనాంశాలు. అంతరిక్షం నుంచి తిరిగివచ్చే వాహనాన్ని వేడెక్కించేది ఈ గాలే కావడం విశేషం.

బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చేరిన ఆయన 1962లో దానికి డైరెక్టర్ అయ్యారు. 1971 డిసెంబరు 30న విక్రమ్ సారాభాయ్ ఆకస్మికంగా మరణించినప్పుడు ధావన్ అమెరికాలో ఉన్నారు. అంతరిక్ష కార్యక్రమ బాధ్యత చేపట్టవలసిందిగా ప్రధాని ఇందిరాగాంధీ కోరగా, విజ్ఞాన సంస్థ పదవిలో కొనసాగుతాననీ, అంతరిక్ష ప్రధాన కార్యాలయం బెంగుళూరులోనే ఉండాలనీ షరతులు పెట్టి అంగీకరించారు. 1972 నుంచి 1984 వరకు ఇస్రోకు సారథ్యం వహించారు. రాకెట్ విడిభాగాల తయారీలోకి దేశీయ పరిశ్రమలను రప్పించడం ఆ కాలపు ముఖ్య నిర్ణయాల్లో ఒకటి. నేటి ప్రైవేటు రాకెట్ సంస్థలకు పునాది అక్కడే పడిందనవచ్చు.

పీఎస్ఎల్‌వీకి ప్రభుత్వ ఆమోదం లభించింది ఆయన హయాంలోనే. 1999 మే 26న ఆ రాకెట్ కొరియా, జర్మనీ ఉపగ్రహాలను మోసుకెళ్లి వాణిజ్య ప్రయోగాలకు నాంది పలికింది. ధావన్ 2002 జనవరి 3న కన్నుమూశారు. ఆ ఏడాదే శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు.

ఆ తరువాత పోటీ స్వరూపమే మారిపోయింది. 2015 డిసెంబరులో అమెరికా సంస్థ స్పేస్ఎక్స్ తన ఫాల్కన్-9 తొలి దశను నేలపైకి దించింది. 2017 మార్చిలో అలా దించిన దశనే మళ్లీ వాడింది. 4,700 కిలోల జీశాట్-ఎన్2ను మోయగల శక్తి స్వదేశీ రాకెట్లకు లేనందున 2024 నవంబరులో భారత్ ఆ ఫాల్కన్‌నే ఆశ్రయించవలసి వచ్చింది.

ఇస్రో కూడా ఖాళీగా లేదు. 2016 మే 23న శ్రీహరికోట నుంచి ఎగిరిన రెక్కల వాహనం 65 కిలోమీటర్ల ఎత్తుకు చేరి, తీరానికి సుమారు 450 కిలోమీటర్ల దూరాన బంగాళాఖాతంలో దిగింది. 2023, 2024లలో చిత్రదుర్గ వద్ద హెలికాప్టర్ నుంచి జారవిడిచిన మరో నమూనా మూడుసార్లు రన్‌వేపై దానంతటదే వాలింది. తొలి దశను తిరిగి వాడుకోగల కొత్త తరం రాకెట్‌కు 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అది ఎగరవలసిన మూడో ప్రయోగ వేదికను 2025 జనవరిలో మంజూరు చేసింది ధావన్ పేరు మోస్తున్న ఆ దీవిలోని కేంద్రానికే.