కలము నిషేధింపబడిన కవి

యుద్ధకాలమున ప్రజలు ముందుగా తమ ప్రాణములను, పిదప ధాన్యమును, పశువులను కాపాడుకొందురు. 2022వ సంవత్సరము ఫిబ్రవరి 24వ తేదీన రష్యా సేనలు ఉక్రెయిన్ దేశముపై పెద్దయెత్తున దండెత్తిన పిమ్మట, ఫిరంగి దెబ్బలు తినుచున్న ఖార్కివ్ నగరమున మఱియొక కార్యము కూడ జరిగెను. తారాస్ షెవ్‌చెంకో అను కవి విగ్రహము చుట్టును ఇసుక బస్తాలు పేర్చి దానిని కప్పివేసిరి. గతించి 160 ఏండ్లు దాటిన కవి కొఱకు ఆపత్కాలమున ఇంత శ్రమ యేల యని యడుగువారికి ఆతని జీవితమే సమాధానము.

షెవ్‌చెంకో 1814 మార్చి 9న కీవ్ మండలమందలి మోరింట్సీ గ్రామమున జన్మించెను. ఆనాడు ఆ ప్రాంతము రష్యా చక్రవర్తుల యేలుబడిలో నుండెను. ఆతని తలిదండ్రులు ఎంగెల్‌హార్ట్ అను జమీందారునకు చెందిన బానిస రైతులు. భూమి చేతులు మారినప్పుడు దానితోపాటు మనుష్యులును చేతులు మారుచుండిన కాలమది. తొమ్మిదవ యేట తల్లియు, పదునొకండవ యేట తండ్రియు గతించిరి. ఆ యనాథ బాలుడు ఉపాధ్యాయునికి ఊడిగము చేయుచు అక్షరములు నేర్చెను, గొఱ్ఱెలను కాచెను. 1768 నాటి రైతు తిరుగుబాటును గూర్చి తాత చెప్పిన కథలు ఆతని మనస్సున నాటుకొనెను.

ఆతని చిత్రలేఖన కౌశలమును గమనించిన జమీందారు, తన కొలువున నొక చిత్రకారుడుండుట లాభమని తలచి, సెంట్ పీటర్స్‌బర్గులో ఒక వర్ణచిత్రకారుని వద్ద పనికి కుదిర్చెను. ఉద్యానవనమందలి శిలావిగ్రహములను చూచి బొమ్మలు గీయుచున్న యా యువకుని ప్రతిభ కళావేత్తల దృష్టికి వచ్చెను. ప్రసిద్ధ చిత్రకారుడగు బ్ర్యుల్లోవ్, జుకోవ్‌స్కీ కవి రూపమును చిత్రించి యిచ్చెను. దానిని లాటరీ వేసి, 2500 రూబుళ్లు చెల్లించి, 1838లో ఆతనికి స్వాతంత్ర్యము కొనిరి. అన్నదమ్ములును అప్పచెల్లెండ్రును మాత్రము బానిసలుగనే మిగిలిరి. ఆ సంగతి నాతడెన్నడును మఱువలేదు.

1840లో ‘కొబ్జార్’ అను ఆతని తొలి కావ్యసంపుటి వెలువడెను. కొబ్జా యను తంత్రీవాద్యమును మీటుచు ఊరూర వీరగాథలు పాడు గాయకునకే ఆ పేరు. అందున్నవి ఎనిమిది కవితలే. అయినను, పల్లెజనుల మాటయని పెద్దలు చులకన చేసిన భాష మహాకావ్యములకు తగినదని ఆ చిన్న పుస్తకము నిరూపించెను. 1845లో కాకసస్ కొండజాతులపై రష్యా సాగించుచుండిన యుద్ధమును నిరసించుచు ఆతడొక కావ్యము రచించెను. ఆ యేటనే స్వదేశపు భూస్వాములను సైతము విడువక మందలించెను. పరదేశ గ్రంథములు చదివి స్వేచ్ఛను గూర్చి ప్రసంగించుచు, ఇంట తమ రైతుల మెడలపై కాడి మోపువారి దేశభక్తిని ఆతడు దేశభక్తిగా నెంచలేదు.

1847లో ప్రభుత్వమాతనిని నిర్బంధించి, సామాన్య సిపాయిగా ఓరెన్‌బర్గు ప్రాంతమునకు పంపెను. వ్రాయరాదు, చిత్రములు గీయరాదు అని నికోలాస్ చక్రవర్తి స్వహస్తముతో శిక్షకు జోడించెను. తుపాకి చేతికిచ్చుటకు వెఱవని ప్రభువు, కలము చేతనుండుటకు వెఱచెను! ఆరల్ సముద్ర తీరమునను, కాస్పియన్ తీరపు కోటయందును పదియేండ్లు గడచెను. తొలి యేండ్లలో ఆతడు చిన్నచిన్న పుస్తకములు కుట్టి, బూట్లలో దాచుకొని, రహస్యముగ పద్యములు వ్రాసికొనెను.

1857లో విడుదల పొందినను ఆరోగ్యము తిరిగి రాలేదు. తుదిదినములలో పల్లెపిల్లల కొఱకు మాతృభాషలో ఒక వాచకమును సిద్ధపఱచి ముద్రింపించెను. 1861 మార్చి 10న, నలువదియేడవ జన్మదినము మఱునాడే, ఆతడు కన్నుమూసెను. రైతుల బానిసత్వమును తొలగించు శాసనముపై చక్రవర్తి అప్పటికి వారము క్రిందటనే సంతకము చేసియుండెను. అది ప్రజలకు ప్రకటింపబడిన నాటికి కవి లేడు. ఆ మే మాసమున ఆతని దేహమును స్వదేశమునకు కొనివచ్చి, కానివ్ వద్ద నీపర్ నదికి ఎగువనున్న కొండపై సమాధి చేసిరి.

పిదప 1876లో ఉక్రెయిన్ భాషాగ్రంథముల ముద్రణమును ప్రభుత్వము మిక్కిలి కట్టడి చేసెను. 1914లో కవి శతజయంత్యుత్సవములను నిషేధించెను. 2022లో, కీవ్ సమీపమందలి బొరొద్యాంకా పట్టణమున ఆతని విగ్రహము తలకు గుండ్ల దెబ్బలు తగిలెను. అయినను అది పీఠముపై నిలిచియేయుండెను.

ఇసుక బస్తాలు కంచును కాపాడగలవు. కవి వాక్యమును కాపాడవలసినది మాత్రము చదువరులే. ఆతడు పరపాలకుని ధిక్కరించిన పద్యములను మాత్రమే స్మరించి, స్వదేశపు భూస్వాములను మందలించిన పద్యములను మఱచుట సగము స్మరణయే యగును. దేశమును ప్రేమించువారు పొలము దున్నువానిని కూడ ప్రేమింపవలెనని బానిస రైతు కడుపున పుట్టిన యా కవి కోరెను. భూమిగల ప్రతి గృహస్థుడును, ఏ దేశమువాడైనను, ఈ కోరికను తన యింటి గడపకడ నిలిచి తలచికొనదగును.