పైలట్ల ప్రాణాలు కాపాడిన జేమ్స్ మార్టిన్

ఈసారి సర్ జేమ్స్ మార్టిన్ గారి జీవిత చరిత్ర రాస్తున్నాను.

ఆయన 1893 సెప్టెంబరు 11న ఐర్లాండులోని క్రాస్‌గార్‌లో రైతు కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడే నాన్న చనిపోయాడు. కాలేజీలో ఇంజనీరింగు చదవలేదు. యంత్రాల పని సొంతంగానే నేర్చుకున్నాడు. తర్వాత ఇంగ్లండు పోయి, 1934లో స్నేహితుడు వాలెంటైన్ బేకర్‌తో కలిసి మార్టిన్-బేకర్ అనే విమానాల కంపెనీ పెట్టాడు.

మార్టిన్ విమానం తయారు చేస్తే, బేకర్ నడిపి చూసేవాడు. 1942 సెప్టెంబరు 12న కొత్త విమానం పైకి లేచిన కాసేపటికే ఇంజను ఆగిపోయింది. విమానం కూలి బేకర్ చనిపోయాడు. మార్టిన్ చాలా కుమిలిపోయాడు. పైలట్లను ఎలా బతికించాలి అన్నదే ఇక ఆయన ధ్యాస అయిపోయింది.

పారాచూట్ ఉంది కదా, దూకొచ్చు కదా అని మీరు అడగొచ్చు. కానీ జెట్ విమానం వేగానికి గాలి లేవనియ్యదు. లేచి దూకినా తోక తగులుతుంది. అందుకని మార్టిన్ కుర్చీతో సహా మనిషిని పైకి విసిరే సీటు తయారు చేశాడు. పిడి లాగితే సీటు వెనక తూటా పేలి సీటు పైకి లేస్తుంది. తర్వాత పారాచూట్ విచ్చుకుంటుంది.

మొదట బరువులు పెట్టి చూశారు. 1945 జనవరి 24న బెర్నార్డ్ లించ్ అనే ఫిట్టరు ధైర్యంగా కూర్చున్నాడు. 4 అడుగుల 8 అంగుళాలు లేచాడు. తర్వాత కూర్చున్న ఒకాయనకు వెన్నెముక దెబ్బతింది. బలం ఒకేసారి తన్నకూడదు, వరసగా పెరగాలి, వీపు నిటారుగా ఉండాలి అని అప్పుడు తెలిసింది. సీటు మార్చారు. 1946 జులై 24న లించ్ ఎగిరే విమానంలోంచే బయటపడి క్షేమంగా దిగాడు.

1949 మే 30న జో లాంకాస్టర్ అనే పైలట్ నిజమైన ప్రమాదంలో ఈ సీటుతో బతికాడు. ఆయన 2019లో నూరేళ్ళు నిండాక చనిపోయాడు. అంటే ఆ సీటు ఆయనకు 70 ఏళ్ళు ఇచ్చింది!

మార్టిన్‌కు 1965లో సర్ బిరుదు వచ్చింది. 1981 జనవరి 5న మరణించాడు. మన దుండిగల్‌లో శిక్షణకు వాడిన కిరణ్ విమానాల్లో కూడా ఈ కంపెనీ సీట్లే. ఇప్పటిదాకా 7,700 మందికి పైగా బతికారు.

స్నేహితులారా! తాటిచెట్టు ఎక్కేవాళ్ళు, తేనె తీసేవాళ్ళు, కరెంటు స్తంభం ఎక్కేవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. పడిపోతే తలరాత అని ఊరుకుంటాం. మార్టిన్ ఊరుకోలేదు. మనం కూడా బాగా చదివి, వాళ్ళకోసం ఏదైనా కనిపెట్టాలి.