కాటన్ దొర తెచ్చిన నీళ్లు

మీది తాడేపల్లిగూడెమో, ఏలూరో అయితే ఊరి పక్కన పారే గోదావరి కాలువను రోజూ చూస్తూనే ఉంటారు. ఆ నీళ్లు మన దాకా రావడం వెనుక సర్ ఆర్థర్ కాటన్ శ్రమ ఉంది.

1803లో ఇంగ్లండ్‌లో పుట్టిన కాటన్, 18 ఏళ్లకే సైనిక ఇంజినీరుగా మద్రాసు వచ్చారు. 1830ల నాటి కరవుకు గోదావరి సీమ చితికిపోయింది. పక్కనే నిండు నది ఉన్నా పొలాలు బీడు. ధవళేశ్వరం వద్ద 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టారు. మధ్యలో ఆరోగ్యం దెబ్బతిని సెలవుపై వెళ్లాల్సి వచ్చింది. కోలుకుని తిరిగొచ్చారు. 1852లో ఆనకట్ట పూర్తయింది. 1899లో, 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

కాలువలు వరి చేలనే కాదు, ఊళ్లలోని మంచినీటి చెరువులనూ నింపాయి. వాడిన నీరు మురుగు కాలువల గుండా కొల్లేరు చేరుతుంది.

అయితే ఒక్కటి గుర్తుంచుకోండి. నీటిని బాగా మరిగిస్తే రోగక్రిములు చస్తాయి. పురుగుమందుల అవశేషాలు, సీసం వంటి లోహాలు మాత్రం పోవు. అందుకే తాగే నీటిని కాచి చల్లార్చుకోవడంతోనే సరిపోదు. కాలువలో చెత్త, మందు డబ్బాలు పడకుండా చూసుకోవాలి. నీళ్లు తెచ్చే పని కాటన్ చేశారు, కాపాడే పని మనది.