సోలమన్ బుచర్

సోలమన్ డి. బుచర్ (జనవరి 24, 1856 - మార్చి 18, 1927) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ఛాయాచిత్రకారుడు, స్థానిక చరిత్రకారుడు. నెబ్రాస్కా రాష్ట్రం నడిమి భాగాన ఉన్న కస్టర్ కౌంటీలో 1886 నుండి ఇంటింటికీ తిరిగి తొలితరం సెటిలర్ల ఫొటోలు తీశాడు, వారి కుటుంబ చరిత్రలు సేకరించాడు. ఈయన 1901లో ప్రచురించిన కస్టర్ కౌంటీ చరిత్ర గ్రంథం, ఈయన వదలి వెళ్ళిన మూడు వేలకు పైగా గాజు నెగటివులు అమెరికా మైదాన ప్రాంతపు వలస చరిత్రకు ముఖ్యమైన ఆధారాలు. వ్యవసాయం, వైద్యవిద్య, వ్యాపారం, ఇలా చేపట్టిన పనులలో దేనిలోనూ బుచర్ నిలదొక్కుకోలేదు. తీసిన ఫొటోల వల్ల కూడా ఈయనకు చెప్పుకోదగ్గ ఆదాయం రాలేదు. అయినా మట్టి ఇళ్ళలో బ్రతికిన ఆనాటి సామాన్య రైతుల ముఖాలు ఈనాడు మనకు కనిపిస్తున్నాయంటే అది చాలావరకు ఈయన పట్టుదల ఫలితమే.

బాల్యము, విద్య

బుచర్ అప్పటి వర్జీనియా రాష్ట్రంలోని వెట్జెల్ కౌంటీకి చెందిన బర్టన్ గ్రామంలో జన్మించాడు. ఈ ప్రాంతం ఇప్పుడు పశ్చిమ వర్జీనియా రాష్ట్రంలో ఉన్నది. తండ్రి థామస్ జెఫర్సన్ బుచర్. 1860లో ఈ కుటుంబం ఇల్లినాయ్ రాష్ట్రంలోని లాసాల్ కౌంటీకి తరలి వెళ్ళింది. తండ్రి అక్కడ రైల్వేలో ఉద్యోగం సంపాదించి దాదాపు ఇరవై సంవత్సరాలు పనిచేశాడు. సోలమన్ 1874లో ఉన్నత పాఠశాల చదువు ముగించి, కొంతకాలం ఒక ఫొటోగ్రాఫరు వద్ద శిష్యరికం చేశాడు. రేకు పలకలపై బొమ్మలు దించే ఆనాటి పద్ధతిని అక్కడ నేర్చుకున్నాడు. ఆ తరువాత ఒక సైనిక పాఠశాలలో కొన్నాళ్ళు చదివి, 1880 వరకు ఒక వ్యాపార సంస్థ తరఫున ఊళ్ళు తిరిగి సరుకులు అమ్మాడు.

కస్టర్ కౌంటీ నేపథ్యము

నెబ్రాస్కా నడిమి భాగపు మైదానాలు అంతకు ముందు పానీ, లకోటా తదితర తెగల ప్రజల వేట భూములు. పానీ తెగవారు 1857 ఒప్పందంలో తమ భూములలో అధిక భాగాన్ని ప్రభుత్వానికి వదలుకోవలసి వచ్చింది. 1870వ దశకంలో వారు నెబ్రాస్కాను పూర్తిగా విడిచి, దక్షిణాన ఇప్పటి ఓక్లహోమా ప్రాంతానికి తరలిపోయారు. సెటిలర్లు ఖాళీ భూమి అని భావించిన నేల ఈ విధంగా ఖాళీ అయినదే.

కస్టర్ కౌంటీ 1877లో ఏర్పడింది. అంతకు ముందు సంవత్సరం లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో మరణించిన సైన్యాధికారి జార్జి ఆర్మ్‌స్ట్రాంగ్ కస్టర్ పేరు దీనికి పెట్టారు. బ్రోకెన్ బౌ పట్టణం దీని ముఖ్య కేంద్రం. 1862లో అబ్రహాం లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం 21 సంవత్సరాలు నిండినవారు గానీ, కుటుంబ పెద్ద గానీ 160 ఎకరాల ప్రభుత్వ భూమికి దరఖాస్తు చేసుకోవచ్చు. కొద్దిపాటి రుసుము కట్టి, ఐదు సంవత్సరాలు ఆ భూమిలో నివసించి సాగు చేస్తే అది సొంతమవుతుంది. అవివాహిత స్త్రీలకు కూడా ఈ హక్కు ఉండేది. ఈ చట్టం వల్ల 1880లో సుమారు 2,200 ఉన్న కౌంటీ జనాభా 1890 నాటికి 21,000 దాటింది.

రైతుల రాక పశువుల మందలతో వ్యాపారం చేసే పెద్ద రాంచ్ యజమానులకు నచ్చలేదు. 1878లో ప్రింట్ ఆలివ్ అనే రాంచ్ యజమాని, అతని అనుచరులు కలిసి మిచెల్, కెచమ్ అనే ఇద్దరు రైతులను పట్టి ఉరితీశారు. ఈ కేసులో ఆలివ్‌కు యావజ్జీవ శిక్ష పడినా, ఉన్నత న్యాయస్థానం ఆ తీర్పును రద్దు చేయడంతో త్వరలోనే విడుదలయ్యాడు. ఇటువంటి సంఘటనలను చూసినవారు, వాటిలో పాల్గొన్నవారు ఇంకా బ్రతికి ఉన్న కాలంలోనే బుచర్ చరిత్ర సేకరణకు పూనుకున్నాడు.

నెబ్రాస్కాకు వలస

1880లో తండ్రి తన రైల్వే ఉద్యోగం వదలిపెట్టి కస్టర్ కౌంటీలో భూమి తీసుకోవాలని నిర్ణయించుకున్నాడు. సరుకులు అమ్మే పనిపై విసుగు చెందిన సోలమన్ కూడా తండ్రితో బయలుదేరాడు. గుడ్డ కప్పిన గుర్రపు బండ్లపై ఏడు వారాలు ప్రయాణించి వారు కౌంటీ ఈశాన్య భాగానికి చేరుకున్నారు.

సోలమన్ తన పేర కూడా భూమి తీసుకున్నాడు. కాని దుక్కి, కలుపు, పశువుల పోషణ తనకు సరిపడవని అతి త్వరలోనే తెలుసుకున్నాడు. రెండు వారాలకే ఆ భూమిని ప్రభుత్వానికి తిరిగి ఇచ్చివేశాడు. ఐదేళ్ళు నిలవవలసిన చోట రెండు వారాలే నిలిచిన ఈ మనిషే తరువాత అక్కడ నిలిచినవారి కథలన్నీ సేకరించడం విశేషం.

1881లో మిన్నెసోటా రాష్ట్రానికి వెళ్ళి వైద్యకళాశాలలో చేరాడు. ఆ చదువును కూడా మధ్యలోనే మానివేశాడు. అక్కడ నర్సుగా పనిచేస్తున్న లిల్లీ అనే యువతిని 1882లో వివాహం చేసుకుని, అదే సంవత్సరం కస్టర్ కౌంటీకి తిరిగి వచ్చాడు. కొంతకాలం బడిపంతులుగా పనిచేసి కూడబెట్టిన డబ్బుకు అప్పు కూడా చేర్చి కెమెరా, ఇతర సామగ్రి కొన్నాడు. మట్టి గోడలు, మట్టి నేల ఉన్న ఒక చిన్న గదిలో ఫొటో స్టూడియో ప్రారంభించాడు. కౌంటీలో ఇదే మొదటి స్టూడియో. పాత బండి గుడ్డనే ఫొటోల వెనుక తెరగా వాడేవాడు. చేతిలో పైసా ఆడని ఆ రైతులలో ఫొటోలు తీయించుకునేవారు తక్కువ. అందువల్ల తండ్రి పొలంలో కూలికి పనిచేసి ఇల్లు గడుపుకోవలసి వచ్చేది.

చరిత్ర గ్రంథ ప్రయత్నము

1886లో బుచర్‌కు కస్టర్ కౌంటీ చరిత్రను ఫొటోలతో సహా గ్రంథంగా వెలువరించాలనే ఆలోచన కలిగింది. ఆనాటికి కౌంటీ ఏర్పడి తొమ్మిది సంవత్సరాలే అయినది. ఊరి పునాదులు వేసినవారు కళ్ళెదుట ఉన్నప్పుడే వారి కథలు వ్రాసుకోవాలని, రైలు మార్గాలు, కలప ఇళ్ళు వచ్చాక మట్టి ఇళ్ళ కాలం త్వరలో మాయమవుతుందని అతడు గ్రహించాడు. మొదట సందేహించినా, తండ్రి చివరకు బండిని, గుర్రాలను ఇచ్చాడు.

కెమెరా, గాజు పలకలు, రసాయనాలు బండిలో వేసుకుని బుచర్ 2,500 చదరపు మైళ్ళకు పైగా విస్తరించిన ఆ కౌంటీలో ఇంటింటికీ తిరిగాడు. చాలా కుటుంబాలు భోజనం, రాత్రి బస, గుర్రాలకు మేత ఇచ్చి ఆదరించాయి. కుటుంబం మొత్తాన్ని ఇంటి ముందు నిలిపి ఫొటో తీసి, వారు ఎక్కడి నుండి వచ్చారో, ఏమేమి కష్టాలు పడ్డారో అడిగి వ్రాసుకునేవాడు. 1892 నాటికి 1,500కు పైగా ఫొటోలు, దాదాపు అన్ని జీవిత కథలు పోగుచేశాడు.

ఫొటోలలోని జీవితము

చెట్లు లేని ఆ మైదానంలో ఇంటికి కలప దొరకదు. అందువల్ల సెటిలర్లు దట్టంగా వేళ్ళు పెనవేసుకున్న పచ్చిక నేలను నాగలితో పట్టీలుగా పెకలించి, వాటిని ఇటుకల వలె కోసి, గడ్డి ఉన్న వైపు క్రిందికి ఉంచి గోడలు కట్టేవారు. వీటిని సాడ్ ఇళ్ళు అంటారు. ఇవి వేసవిలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉండేవి. కాని వాన కురిస్తే కప్పు కారేది. ఎలుకలు, పాములు గోడలలో చేరేవి.

బుచర్ ఫొటోలలో ఈ ఇళ్ళ ముందు మనుషులతో పాటు వారి గుర్రాలు, ఆవులు, కుట్టు మిషను, పక్షి పంజరం వంటి వస్తువులు కూడా వరుసగా కనిపిస్తాయి. తాము సాధించినది చూపాలనే కోరికతో కుటుంబాలు వాటిని బయటకు తెచ్చి పెట్టేవి. హిల్టన్ అనే కుటుంబపు ఫొటో ఇందుకు మంచి ఉదాహరణ. ఆ ఇంటి ఇల్లాలు తన మట్టి ఇంటిని దూరాన ఉన్న బంధువులకు చూపడానికి ఇష్టపడలేదు. అందువల్ల ఇంట్లోని ఆర్గన్ వాద్యాన్ని ఆవరణలోకి మోయించి, దాని పక్కన కుటుంబాన్ని నిలిపి ఫొటో తీయించుకున్నది. ఇల్లు అందులో కనబడదు. ఆర్గన్‌ను మళ్ళీ లోపలికి మోశారు.

1886లో తీసిన క్రిస్మన్ సోదరీమణుల ఫొటోలో నలుగురు అక్కచెల్లెళ్ళు మట్టి ఇంటి ముందు గుర్రాలతో నిలబడి ఉంటారు. స్త్రీలు తమ పేరిట భూమి తీసుకున్న ఆనాటి పరిస్థితికి గుర్తుగా ఇది పుస్తకాలలో తరచుగా కనిపిస్తుంది. 1887లో తీసిన మరొక ఫొటో జెర్రీ షోర్స్ అనే నల్లజాతి రైతు కుటుంబానిది. షోర్స్ పూర్వం బానిస. ఆయన సోదరులు మోజెస్ స్పీస్, హెన్రీ వెబ్ పక్కపక్క భూములలోనే స్థిరపడ్డారు. బానిసలుగా ఉన్నప్పుడు వేర్వేరు యజమానుల కింద ఉండి వారి ఇంటిపేర్లనే తీసుకున్నందువల్ల ఒకే తల్లి బిడ్డలకు మూడు ఇంటిపేర్లు వచ్చాయి.

కల్పిత దృశ్యాలు

బుచర్ తన ఫొటోలన్నిటినీ జరిగినది జరిగినట్లుగా తీయలేదు. జరిగిపోయిన సంఘటనలను మనుషులతో మళ్ళీ నటింపజేసి కొన్ని ఫొటోలు తీశాడు. 1885లో రైతులు ఒక రాంచ్ తీగ కంచెను తెగగొట్టిన దృశ్యం అటువంటిదే. స్వెయిన్ ఫించ్ అనే రాంచ్ యజమాని 1876లో తన పంటపై పడిన మిడతల దండును కొట్టడానికి ప్రయత్నించిన తీరును నటించి చూపగా ఫొటో తీసి, అందులోని మిడతలను నెగటివుపై చేతితో చేర్చాడు. ఈ కారణంగా ఆయన ఫొటోలను ఆధారంగా తీసుకునేవారు సంఘటన ఎప్పుడు జరిగింది, ఫొటో ఎప్పుడు తీశారు అనే రెండు విషయాలను వేరువేరుగా చూడవలసి ఉంటుంది.

కరువు, అగ్నిప్రమాదము

1890వ దశకంలో వరుస కరువులు, దేశవ్యాప్త ఆర్థిక మాంద్యం కస్టర్ కౌంటీని దెబ్బతీశాయి. పంటలు ఎండిపోయి అనేక కుటుంబాలు భూములు వదలి వెళ్ళిపోయాయి. గ్రంథానికి సహాయం చేయగలవారు లేక బుచర్ పని నిలిచిపోయింది.

1899లో ఆయన ఇల్లు కాలిపోయింది. ఏళ్ళ తరబడి సేకరించిన జీవిత కథల వ్రాతప్రతులు, అచ్చువేసిన ఫొటోలు బూడిదయ్యాయి. గాజు నెగటివులను విడిగా ధాన్యపు కొట్టంలో ఉంచినందువల్ల అవి మాత్రం మిగిలాయి. ఈ నష్టం పూడ్చలేనిది. తమ కథలు చెప్పినవారిలో కొందరు అప్పటికే మరణించారు, మరికొందరు ఎటో వెళ్ళిపోయారు. ముఖం మిగిలి కథ పోయిన కుటుంబాలు ఎన్నో.

గ్రంథ ప్రచురణ

బుచర్ ఈ దెబ్బతో ప్రయత్నం మానలేదు. మిగిలి ఉన్నవారి నుండి మళ్ళీ కథలు సేకరించాడు. పలువురు సెటిలర్లు తమ అనుభవాలను స్వయంగా వ్రాసి ఇచ్చారు. ప్రచురణకు కావలసిన ధనసహాయం స్వెయిన్ ఫించ్ అందించాడు. 1901లో వెలువడిన గ్రంథంలో మంచు తుఫానులు, మిడతల దండయాత్రలు, భూతగాదాలు, ఆలివ్ కేసు, తొలి బడులు మొదలగు విషయాలున్నాయి. పెద్ద నాయకుల గురించి కాక సామాన్య కుటుంబాల గురించి చెప్పడం దీని ప్రత్యేకత. మొదటి ముద్రణ ప్రతులు త్వరగానే అమ్ముడుపోయాయి. 1904లో సాడ్ ఇళ్ళ గురించి మరొక చిన్న పుస్తకం ప్రచురించాడు.

చివరి రోజులు

గ్రంథం వెలువడిన తరువాత బుచర్ కర్నీ పట్టణానికి మారి కుమారునితో కలిసి స్టూడియో నడిపాడు. 1911 ప్రాంతంలో స్టూడియోను కుమారునికి అప్పగించి, టెక్సాస్ భూములు అమ్మే సంస్థకు ఏజెంటుగా చేరాడు. తన నెగటివులను నెబ్రాస్కా రాష్ట్ర చారిత్రక సంస్థకు ఇచ్చాడు. వాటికి ఆయన ఆశించినంత సొమ్ము ముట్టలేదు. తరువాత కొంతకాలం ఆ సంస్థలోనే పనిచేసి, ఏ ఫొటో ఎవరిదో, ఎక్కడిదో నమోదు చేశాడు. ఆ పనే జరగకపోతే ఆ ముఖాలలో చాలావాటికి పేర్లు కూడా దక్కేవి కావు.

1915లో భార్య లిల్లీ మరణించింది. రెండు సంవత్సరాల తరువాత పునర్వివాహం చేసుకున్నాడు. చివరి దశలో భూగర్భంలోని చమురును కనిపెట్టే యంత్రం, సొంతంగా తయారుచేసిన మందు వంటివాటిపై ఆశలు పెట్టుకున్నాడు. అవేవీ ఫలించలేదు. 1927 మార్చి 18న కొలరాడో రాష్ట్రంలోని గ్రీలీ పట్టణంలో మరణించాడు. ఆయన సమాధి కస్టర్ కౌంటీలోని గేట్స్ వద్ద ఉన్నది.

చరిత్రలో స్థానము

మరణించే నాటికి బుచర్ తనను తాను విఫలుడిగానే భావించేవాడని అంటారు. ఆయన కృషికి గుర్తింపు తరువాతి తరాలలో వచ్చింది. అమెరికా పాఠ్యపుస్తకాలలో, చరిత్ర గ్రంథాలలో మైదాన ప్రాంతపు వలసల గురించి చెప్పేటప్పుడు ఈయన ఫొటోలనే ఎక్కువగా వాడుతుంటారు. 2018లో హిస్టరీ నెబ్రాస్కా అని పేరు మార్చుకున్న చారిత్రక సంస్థ వద్ద ఈ నెగటివులు భద్రంగా ఉన్నాయి. వీటిని కంప్యూటరు ద్వారా సూక్ష్మంగా స్కాన్ చేసినప్పుడు, అంతవరకు చీకటిగా కనిపించిన తలుపుల లోపల ఉన్న మనుషులు, సామాన్లు కూడా బయటపడ్డాయి.

బుచర్ సంకలనంలో లోటు కూడా ఉన్నది. అది ప్రధానంగా సెటిలర్ల వైపు నుండి చెప్పిన కథ. ఆ నేలపై తరతరాలుగా జీవించిన పానీ, లకోటా ప్రజల కుటుంబ చరిత్రలకు అందులో అటువంటి చోటు దొరకలేదు. అయినప్పటికీ, పేరు ప్రతిష్ఠలు లేని రైతు కుటుంబాల కథ కూడా చరిత్రేనని ఆ కాలంలోనే గుర్తించి, అందుకోసం జీవితంలో ఎక్కువ భాగాన్ని వెచ్చించిన వ్యక్తిగా బుచర్‌కు స్థానిక చరిత్రకారులలో ప్రత్యేక స్థానం ఉన్నది.